డిసెంబర్ రెండో వారంలో స్కీ హనీమూన్: మంచు ఉంటుందా, గది వెచ్చగా ఉంటుందా?

కొత్తపెళ్లికొడుకు_హైద్ · ఆగస్టు 11, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నవంబర్ 23 రాత్రి ముహూర్తం. పదహారు రోజుల పండగ అయ్యేదాకా ఊరు దాటొద్దని అమ్మ, కాబోయే అత్తగారు ఒకే మాట మీదున్నారు. పెళ్లి పనుల్లో వాళ్లిద్దరూ ఏకీభవించింది ఇప్పటికి ఈ ఒక్క విషయంలోనే. కాబట్టి డిసెంబర్ 8 దాకా కదల్లేం. 9 రాత్రి బయల్దేరి 18కల్లా వచ్చేయాలి, 19 నుంచి ఆఫీసులో నాకు ఊపిరాడదు. సంక్రాంతికి ఎటూ భీమవరం, కొత్త అల్లుడి హోదా.

నేను రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్లి నాలుగు రోజులు స్కీయింగ్ నేర్చుకున్నా. ఆగడం వచ్చు, తిరగడం సగం వచ్చు. తను మంచు చూసింది ఫ్రీజర్‌లోనే. విమానం టికెట్లు కాక నాలుగు లక్షల దాకా పెట్టగలం. ఆల్ప్స్‌లో ఎక్కడో అడవి మధ్య చెక్క ఇల్లు అద్దెకు తీసుకుని, ఫైర్‌ప్లేస్ ముందు కూర్చుని, పగలు స్కీయింగ్ చేయాలని నా ఊహ. ఆ వారంలో మంచు పడి ఉంటుందా? ఎక్కడికి వెళ్లమంటారు?

మంచుముద్ద · ఆగస్టు 11, రాత్రి 11:20

గుల్మార్గ్ ఎలాగూ తెలిసిన చోటే కదా, మళ్లీ అక్కడికే వెళ్లొచ్చుగా? వీసా గోల లేదు, సగం ఖర్చు.

కొత్తపెళ్లికొడుకు_హైద్ · ఆగస్టు 11, రాత్రి 11:31

నా మొదటి ఆలోచన కూడా అదే. డిసెంబర్ మొదట్లో సంగతేంటో తెలియక ఆగా.

శ్రీనగర్_తెలుగోడు · ఆగస్టు 12, ఉదయం 7:05

నేను ఐదేళ్లుగా ఇక్కడే ఉద్యోగం. కశ్మీరీల లెక్కలో అసలు చలికాలం డిసెంబర్ 21న మొదలవుతుంది, దాన్ని చిల్లై కలాన్ అంటారు, నలభై రోజులు. మంచు నిలబడేది ఆ రోజుల్లోనే. మీ తేదీలు దానికి ముందున్నాయి. 2024 జనవరి మొదటి సగంలో గుల్మార్గ్ ఎండుగడ్డితో ఎలా ఉందో టీవీల్లో అందరూ చూశారు, మరుసటేడు ఫిబ్రవరిలో మంచు లేక ఖేలో ఇండియా పోటీలు వాయిదా వేశారు. నడి సీజన్‌కే దిక్కులేనప్పుడు డిసెంబర్ 10ని నమ్ముకోవడం లాటరీ టికెట్ కొన్నట్టే. పైన అఫర్వాట్ మీద మంచుండొచ్చు గానీ అది కొత్తవాళ్లు దిగే కొండ కాదు. మంచు చూసి, గండోలా (తీగమీద కొండెక్కే పెట్టె) ఎక్కి, కహ్వా టీ తాగి రావడానికైతే రండి, మా ఇంట్లో భోజనం. స్కీయింగ్ కోసమైతే వద్దు.

డాలస్_బాబాయ్ · ఆగస్టు 12, ఉదయం 8:48

అమెరికా రండి. మేం ఏటా థాంక్స్‌గివింగ్‌కి కొలరాడో వెళ్తాం. బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ నవంబర్‌లోనే తెరుస్తారు. ఫైర్‌ప్లేస్, హాట్ టబ్ ఉన్న ఇళ్లు బోలెడు.

గడ్డకట్టిన_గోదారి · ఆగస్టు 12, ఉదయం 9:15

బాబాయ్ గారూ, తెరుస్తారు సరే, ఏం తెరుస్తారు? నేను బోల్డర్‌లో మూడేళ్లున్నా. సీజన్ మొదట్లో యంత్రాలతో చల్లిన మంచు ఒక్క పట్టీ ఉంటుంది, దానిమీద డెన్వర్ జనమంతా. ఆ పట్టీ మీద కొత్తగా నేర్చుకునే అమ్మాయిని నిలబెట్టడం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర కారు నేర్పడంతో సమానం. ముందుగా కొనకుండా అక్కడికక్కడ తీసుకుంటే రోజు టికెట్టే 200 డాలర్లు దాటుతుంది. ఇంకోటి, బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల మీదుంది. హైదరాబాద్ నుంచి వచ్చి దిగిన మొదటి రాత్రి తలనొప్పి, వాంతులు. హనీమూన్ కదా, కాస్త చూసుకోండి.

డాలస్_బాబాయ్ · ఆగస్టు 12, ఉదయం 9:22

నాకెప్పుడూ తలనొప్పి రాలేదు.

గడ్డకట్టిన_గోదారి · ఆగస్టు 12, ఉదయం 9:24

మీరు లాడ్జిలో కూర్చుని పేకాడతారని మీ పాత పోస్టుల్లో మీరే రాశారు బాబాయ్ గారూ 🙂

మ్యూనిక్_మామిడి · ఆగస్టు 12, మధ్యాహ్నం 1:10

నేను మ్యూనిక్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నా, ఏటా మొదటి మంచుకి ఆస్ట్రియా పోతా. తీరిగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

సీజన్ మొదట్లో చూడాల్సింది ఊరు ఎంత ఎత్తులో ఉందన్నదే. కొండ శిఖరం ఎత్తు ప్రకటనల్లో అందరూ వేసుకుంటారు. ఊరి ఎత్తు, నేర్చుకునేవాళ్ల వాలు ఎత్తు అడగండి. 800 మీటర్ల దగ్గరున్న అందమైన ఊళ్లలో డిసెంబర్ రెండో వారానికి గడ్డి కనబడే అవకాశం ఎక్కువ, సగం హోటళ్లు క్రిస్మస్ ముందు వారం దాకా తాళం తియ్యవు. కృత్రిమ మంచు చల్లాలన్నా గాలి పొడిగా, సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందకి ఉండాలి. కింద ఊళ్లలో అది చాలాసార్లు కుదరదు.

మీ తేదీలకి నా ఓటు ఒబెర్‌గుర్గల్. ఆస్ట్రియాలోని టిరోల్‌లో, ఎట్స్‌టాల్ లోయ చిట్టచివర, ఊరే 1,930 మీటర్ల మీదుంది. మామూలుగా నవంబర్ నడిమికే లిఫ్టులు (స్కీయింగ్‌కి కొండపైకి తీసుకెళ్లేవి) తిరుగుతాయి. నేర్చుకునేవాళ్ల వాలు ఊరి అంచునే ఉంటుంది, పైకెక్కాల్సిన పనిలేదు. పక్కనున్న హోహ్‌గుర్గల్ ఇంకా ఎత్తు, రెండింటినీ కలుపుతూ గండోలా ఉంది.

మిగతావి క్లుప్తంగా. హింటర్‌టుక్స్‌లో హిమానీనదం మీద 365 రోజులూ స్కీయింగ్ ఉంటుంది, కానీ అసలు మంచు పైన 3,250 దాకా. గాలి లేస్తే లిఫ్టులు ఆపేస్తారు, అప్పుడు కింద కొత్తవాళ్లకి చేయడానికేం ఉండదు. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ స్వర్గమే, కార్లు రానివ్వని ఊరు, కిటికీలోంచి మాటర్‌హార్న్ శిఖరం. నాలుగు లక్షలు అక్కడ గదికే చాలవు. ఫ్రాన్స్‌లో వాల్ తొరాన్స్ 2,300 మీటర్లు, మంచుకి ఢోకా లేదు, కానీ చెట్టన్నది కనబడదు, అంతా కాంక్రీటు. హనీమూన్ ఫొటోలకి నాకైతే నచ్చదు.

ఇక ఆ అడవిలో చెక్క ఇల్లు. తమ్ముడూ, మానుకో. సాయంత్రం నాలుగింటికే లిఫ్టులు ఆగుతాయి, నాలుగున్నరకి చీకటి. కాళ్లు ముద్దలైపోయి ఉంటాయి. అప్పుడు కారు మీది మంచు గీకి, సూపర్‌మార్కెట్‌కి పోయి, వంట చేసి, గిన్నెలు కడిగి... ఎవరు కడుగుతారన్న దగ్గర మొదటి గొడవ. లిఫ్టుకి దగ్గర్లో, హాఫ్ బోర్డ్ హోటల్ తీసుకోండి: పొద్దున టిఫిను, రాత్రి నాలుగైదు వరసల భోజనం గదితో కలిపే. బూట్లు ఆరబెట్టే స్కీ రూమ్, వేడినీళ్ల కొలను ఉంటాయి. పోయినేడు డిసెంబర్ 10 ప్రాంతంలో మేం ఇద్దరికీ రాత్రికి 300 యూరోల దగ్గర్లో ఇచ్చాం. క్రిస్మస్ వారానికి అదే గది అడిగితే రేటు విని ఫోన్ పెట్టేశా.

మ్యూనిక్_మామిడి · ఆగస్టు 12, మధ్యాహ్నం 1:16

ఒకటి మరిచా. డిసెంబర్ 8 అక్కడ మేరీమాత పండగ సెలవు, మిలన్‌లో 7న కూడా సెలవే. ఆ వారాంతంలో ఇటలీ వాళ్లంతా కొండలెక్కుతారు, గదులు దొరకవు, రేట్లు మండుతాయి. మీరు 10న దిగుతున్నారు. మీ అమ్మగారికి, అత్తగారికి తెలియకుండానే మంచి ముహూర్తం పెట్టారు.

వరంగల్_వెన్నెల · ఆగస్టు 12, సాయంత్రం 6:40

అన్నా, గా సౌనా సంగతి చెప్పలే. నేను, మా ఆయన పెళ్లైన ఏడాది ఇన్స్‌బ్రుక్ దగ్గర హోటల్‌కి పోయినం. ‘వెల్‌నెస్’ అని రాసుంటే తువ్వాలు కట్టుకొని లోపలికి పోయిన. ఆడ ముసలాయన ఒకాయన దిగంబరంగ కూసొని, మస్తు మర్యాదగ ‘గ్రూస్ గాట్’ అన్నడు. నేను ఎంత ఉరికిన్నో నాకే ఎరుక. ఆస్ట్రియాల సౌనా అంటే ఆడా మగా కలిసే, ఈత బట్టలు కూడా లోపలికి రానియ్యరు. కొలను దగ్గర బట్టలుంటయ్, దాంతోని పరేషాన్ లేదు. రెండింటికీ తలుపులు వేరు, బోర్డు చదువుకొని పోండ్రి. కొన్ని హోటళ్లల్ల గంట సేపు జంటకే రాసిచ్చే చిన్న సౌనా గది ఉంటది, బుక్ చేసేటప్పుడే అడగుండ్రి.

కొత్తపెళ్లికొడుకు_హైద్ · ఆగస్టు 12, రాత్రి 9:58

అక్కా, ఈ ఒక్క పోస్టుకే మీకు శుభలేఖ పంపాలి.

మామిడి అన్నా, ఒబెర్‌గుర్గల్ చూశా, బాగుంది. కానీ ఆరు రోజులూ స్కీ పాస్ (లిఫ్టులెక్కే టికెట్) కొనాలా? తనకి నచ్చకపోతే?

మ్యూనిక్_మామిడి · ఆగస్టు 12, రాత్రి 11:30

కొనొద్దు. మొత్తం పాస్ రోజుకి 70 యూరోల చుట్టుపక్కల ఉంటుంది. మొదటి రెండు రోజులు ఆవిడకి మ్యాజిక్ కార్పెట్, చిన్న లిఫ్టు చాలు. అంటే మాల్‌లో ఎస్కలేటర్ పక్కన ఉంటుందే, అలా నేలమీద నడిచే పట్టా; నిలబడితే పైకి తీసుకెళ్తుంది. స్కీ స్కూల్‌లో అడిగితే దేనికి టికెట్ కావాలో వాళ్లే చెబుతారు.

నువ్వు మాత్రం ఆవిడకి నేర్పొద్దు. కారు నేర్పబోయి మాటలు పడ్డ మొగుళ్లని అడుగు. మొదటి మూడు పూటలు టీచర్‌కి అప్పగించు, నువ్వు కూడా ఒక పూట పాఠం తీసుకో. ‘తిరగడం సగం వచ్చు’ అంటే రాదనే అర్థం.

పెళ్లికూతురిని_నేనే · ఆగస్టు 13, ఉదయం 6:50

నమస్తే అండీ. లింకు మా కజిన్ పంపింది. ఫ్రీజర్ మాట ఎవరు రాశారో చూశాను, వాళ్లతో విడిగా మాట్లాడతాను.

నా ప్రశ్నలు. ఒకటి, స్కీయింగ్ నాకిష్టమే, కానీ రోజంతా కాదు. మధ్యాహ్నం తర్వాత ఏం చేయాలి? రెండు, నేను గుడ్డు కూడా తినను. బతకగలనా? మూడు, ఎవరూ అనలేదు గానీ, కాళ్లకి మెట్టెలుంటాయి. స్కీ బూట్లు చాలా బిగుతని చదివాను.

మంచుముద్ద · ఆగస్టు 13, ఉదయం 7:12

అయిపోయాడు పెళ్లికొడుకు.

కాలిఫోర్నియా_పిన్ని · ఆగస్టు 13, ఉదయం 8:30

అమ్మా, ముప్పై ఏళ్ల కిందట నేను తాహోలో మెట్టెలతోనే బూటు వేసుకున్నా. మధ్యాహ్నానికి రెండో వేలు నల్లగా కమిలి, గోరు ఊడింది. స్కీ బూటు చెప్పు కాదు, కాలికి తొడిగే డబ్బా. మడమ కదలకుండా, వేళ్లు ముందు గోడకి తగిలీ తగలనట్టుగా ఉండాలి. మేజోళ్లు కూడా పల్చనివి ఒక్క జతే వేసుకో. చలని రెండు జతలు వేస్తే రక్తం ఆడక ఇంకా చలేస్తుంది.

మెట్టెలు తీసేయి. తప్పేం లేదు. పిన్నీసుకి గుచ్చి సూత్రాల గొలుసుకి తగిలించుకో, సాయంత్రం బూటు విప్పగానే పెట్టుకో. జేబులో మాత్రం వేయకు. గాజులు కూడా గదిలో పెట్టి వెళ్లు, గ్లవ్స్‌లో పట్టవు.

మ్యూనిక్_మామిడి · ఆగస్టు 13, మధ్యాహ్నం 12:45

తిండి సంగతి: మాంసం లేకుండా కష్టం లేదు, గుడ్డు లేకుండా కొంచెం కష్టం. ఆస్ట్రియా వంటలో శాకాహారం అంటే చీజ్, గుడ్డు, పిండి. కేజెష్పెట్స్‌లె అని చీజ్‌లో పొర్లించిన పిండి ముక్కలు, కైజర్‌ష్మార్న్ అని ముక్కలు చేసిన తీపి దోసె, రెండింటిలోనూ గుడ్డుంటుంది. గెర్మ్‌క్నోడల్ అని బన్ను లాంటిది, లోపల ప్లమ్ పండు జామ్, పైన గసగసాలు, వెనీలా సాస్. పిండిలో, సాస్‌లో గుడ్డు వేశారా అని అడిగి తినాలి. హోటల్‌కి నెల ముందే రాయండి: మాంసం, చేప, గుడ్డు వద్దు, పాలు, చీజ్ ఫర్వాలేదు అని. హాఫ్ బోర్డ్ హోటళ్లు ముందు చెబితే శ్రద్ధగా చేస్తాయి, రాత్రి ఏడింటికి బల్ల దగ్గర చెబితే ఉడకబెట్టిన క్యారెట్ ఇస్తాయి. ఆవకాయ తెచ్చుకోండి. సారెలో మిగిలిన పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల పాల సరుకు, మాంసం సామానులో యూరప్‌కి రానివ్వరు.

మధ్యాహ్నం తర్వాత: హోహె ముట్ గండోలా స్కీలు లేకుండానే ఎక్కొచ్చు, 2,670 మీటర్ల మీద చుట్టూ మంచుకొండలు, ఎండలో బల్లలు. మబ్బు పట్టిన రోజు హోహ్‌గుర్గల్‌లో మోటార్‌సైకిళ్ల మ్యూజియం. 2021 జనవరిలో మంటల్లో కాలిపోతే అదే ఏడాది మళ్లీ కట్టి తెరిచారు. పెళ్లికొడుకుని అక్కడ వదిలేస్తే రెండు గంటలు మీకు తీరిక. లోయలో కిందకి లెంగెన్‌ఫెల్డ్‌లో ఆక్వా డోమ్ అని వేడి బుగ్గల కొలనులున్నాయి. బయట మంచు, మీరు పొగలు కక్కే నీళ్లలో. స్కీయింగ్‌కి నాలుగు రోజులు చాలు, రెండు రోజులు ఇలా వదిలేయండి.

గడ్డకట్టిన_గోదారి · ఆగస్టు 13, మధ్యాహ్నం 2:20

చిన్న సంగతి. ఈ గుర్గల్ హిమానీనదం మీదే 1931 మే నెలలో శాస్త్రవేత్త ఆగస్ట్ పికార్డ్ బెలూన్ దిగింది, దాదాపు 16 కిలోమీటర్ల ఎత్తుకి పోయి. మనుషులు స్ట్రాటోస్ఫియర్ (వాతావరణంలో పై పొర) చూసొచ్చి దిగిన ఊరు. హనీమూన్‌కి పనికిరాదు, అయినా చెప్పాలనిపించింది.

వీసా_వేణువు · ఆగస్టు 14, ఉదయం 10:05

కాగితాల మాట ఎవరూ ఎత్తట్లేదు. షెంగెన్ వీసాకి (చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికే అప్లికేషన్; మ్యూనిక్‌లో దిగుతున్నారని జర్మనీకి పెట్టకండి. ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. పెళ్లికి ముందే పెట్టండి, అమ్మాయి పాస్‌పోర్టులో ఇప్పుడున్న ఇంటిపేరుతోనే టికెట్టూ వీసా. పెళ్లవగానే పేరు మార్పు హడావుడి పెట్టుకుని ఇరుక్కున్నవాళ్లని చూశా.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలది అడుగుతారు, ఆ చౌక పాలసీ వీసాకి సరిపోతుంది, కొండకి సరిపోదు. స్కీయింగ్‌ని చాలా పాలసీలు మినహాయిస్తాయి. ‘వింటర్ స్పోర్ట్స్’ అని, హెలికాప్టర్ ఖర్చుతో సహా, కాగితం మీద ఉందో లేదో చదివి కొనండి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గదే తీసుకోండి, వీసాకీ మంచుకీ రెండింటికీ అదే మంచిది.

కొత్తపెళ్లికొడుకు_హైద్ · సెప్టెంబర్ 2, రాత్రి 9:15

బుక్ చేశాం. ఒబెర్‌గుర్గల్‌లో ఆరు రాత్రులు, లిఫ్టుకి నడిచి మూడు నిమిషాలు, హాఫ్ బోర్డ్, గదిలో బాత్‌టబ్ (నా నిర్ణయం కాదు). చివర్లో ఇన్స్‌బ్రుక్‌లో ఒక రాత్రి, క్రిస్మస్ సంత కోసం. దుబాయ్ మీదుగా మ్యూనిక్, అక్కణ్నుంచి రైలు, ఎట్స్‌టాల్ స్టేషన్‌లో దిగి బస్సు. స్కీలు, బూట్లు, జాకెట్లు అన్నీ అక్కడే కిరాయికి.

శ్రీనగర్_తెలుగోడు · డిసెంబర్ 9, ఉదయం 8:00

పెళ్లి బాగా జరిగిందా? గుల్మార్గ్‌లో పొద్దున చూశా, కింద మైదానంలో రెండు వేళ్ల మందం మంచు. బతికిపోయారు.

పెళ్లికూతురిని_నేనే · డిసెంబర్ 21, మధ్యాహ్నం 3:40

వచ్చేశాం. ఆయన ఆఫీసులో మునిగిపోయారు, నేనే రాస్తున్నాను.

మంచు ఉంది. ఊళ్లో ముప్పావు అడుగు, పైన ఇంకా ఎక్కువ. బస్సులో వస్తుంటే కింద లోయంతా పచ్చగా కనిపించి నా గుండె జారింది. సోల్డెన్ అనే ఊరు దాటాక మలుపుల్లో తెల్లబడడం మొదలైంది. మామిడి అన్నయ్యా, ఎత్తు గురించి మీరు రాసింది ఆ అరగంటలో కళ్లారా చూశాను. అన్ని లిఫ్టులూ తెరవలేదు, పైన కొన్ని వాలులకి తాడు కట్టి ఉంది. మాకది లోటనిపించలేదు. తెరిచినవే మా ఇద్దరికీ ఎక్కువ.

మొదటి రోజు పట్టా మీద నిలబడగానే వెనక్కి జారి ఒకతన్ని కూడా పడేశాను. అతనికి ఐదేళ్లుంటాయి. లేచి, బట్టలు దులుపుకుని, నా కర్రలు ఏరి ఇచ్చి, చకచకా వెళ్లిపోయాడు. టీచరమ్మ ‘పిజ్జా, పిజ్జా’ అని అరుస్తుంటే ఏంటో అనుకున్నా, స్కీల ముందు కొసలు కలిపి వెనక విడదీయమని. రెండో రోజు మధ్యాహ్నానికి పిజ్జా కుదిరింది. మూడో రోజు బ్లూ రన్ (తేలిక వాలు) మీద పైనుంచి కింద దాకా పడకుండా దిగాను. అదే రోజు మా ఆయన రెడ్ రన్ (ఇంకాస్త కష్టమైన వాలు) మీదకి వెళ్లి, పొగమంచులో నేలా ఆకాశం ఒకటే తెలుపైపోయి ఏది ఎత్తో ఏది పల్లమో తెలియక, నిలబడ్డచోటే పడ్డారు. మోకాలు కొంచెం బెణికింది. తర్వాత రెండు రోజులు మోటార్‌సైకిళ్ల మ్యూజియం, ఆక్వా డోమ్. ఆయన మొహం చూసి జాలేసింది గానీ, ఆ నీళ్లలో నడుం దాకా మునిగి, జుట్టు మీద మంచు పడుతుంటే కూర్చున్న గంట నాకు మొత్తం ప్రయాణంలోకెల్లా ఇష్టం. ఇన్సూరెన్స్ వాళ్లతో పనిపడలేదు.

వెన్నెలక్కా, తలుపు బోర్డు మూడుసార్లు చదివాను.

భోజనం బాగా చూసుకున్నారు. గుడ్డు వేయకుండా చేయగలరా అని అడిగితే నాలుగో రోజు వంటాయనే స్వయంగా వచ్చి గెర్మ్‌క్నోడల్ చేసిపెట్టారు. ఆవకాయ ఆయనకి రుచి చూపించాం. కళ్లు తుడుచుకుని, జాడీ ఉంచుకుంటానన్నారు.

పిన్నీ, మీకు క్షమాపణ. మెట్టెలు పిన్నీసుకి గుచ్చమన్నారు కదా. ఐదు రోజులు అలాగే చేశాను. చివరి పొద్దున తొందరలో జాకెట్ లోపలి జేబులో వేసి జిప్ పెట్టాను. కిరాయి జాకెట్. ఇన్స్‌బ్రుక్ హోటల్లో రాత్రి కాళ్లు చూసుకుంటే గుర్తొచ్చింది.

కాలిఫోర్నియా_పిన్ని · డిసెంబర్ 21, రాత్రి 8:15

చెప్పానా!! దొరికాయా?

పెళ్లికూతురిని_నేనే · డిసెంబర్ 21, రాత్రి 8:40

దొరికాయి పిన్నీ. దుకాణానికి ఫోన్ చేస్తే ‘కాలివేలి ఉంగరం’ అన్నమాట అర్థం చేయించడానికి పది నిమిషాలు పట్టింది. మర్నాడు ఆవిడ ఫొటో పంపింది, కౌంటర్ మీద రెండూ, పక్కన కొలతకి ఒక యూరో బిళ్ల. ఎవరికో చిన్న పాపవి అనుకుందట. పోస్టులో పంపడానికి అయ్యే ఖర్చుతో ఇక్కడ నాలుగు జతలొస్తాయి. కానీ అవి పెళ్లిలో పెట్టినవి.

మ్యూనిక్_మామిడి · డిసెంబర్ 21, రాత్రి 10:02

దుకాణం పేరు, జాకెట్ నంబర్ మెసేజ్ చెయ్యి చెల్లెమ్మా. 28న మేం ఆ లోయకే పోతున్నాం. జనవరి 10న హైదరాబాద్ వస్తున్నా, సంక్రాంతికి రాజమండ్రి. భీమవరం దారి తప్పి పోయేంత దూరమేం కాదు.

పెళ్లికూతురిని_నేనే · డిసెంబర్ 21, రాత్రి 10:09

పంపాను అన్నయ్యా. భోజనానికి వచ్చేలా రండి. మా అత్తయ్యగారి ముందు మాత్రం జేబులోంచి తీయకండి, ప్రస్తుతం కాళ్లకున్నవి చార్మినార్‌లో కొన్నవి.

మంచుముద్ద · డిసెంబర్ 21, రాత్రి 10:15

మాకు ఫిబ్రవరి 19న పెళ్లి. నెలాఖరుకి అయితే గుల్మార్గ్ సరిపోతుందా, శ్రీనగర్ అన్నా?

శ్రీనగర్_తెలుగోడు · డిసెంబర్ 22, ఉదయం 7:00

అది వేరే లెక్క. కొత్త చర్చ పెట్టండి, రాస్తా. మెట్టెలు ఇంట్లో పెట్టి రమ్మనండి.